పసుపు వెయ్యని పప్పు

కంచంలో పప్పు పడగానే అచ్చమ్మ చెయ్యి ఆగిపోయింది. కందిపప్పు మెత్తగానే ఉడికింది. మామిడికాయ ముక్కలు చితికీ చితకకుండా ఉన్నాయి. పచ్చిమిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతోంది. కానీ పప్పు మాత్రం జ్వరం పడి లేచిన మనిషి మొహంలా పాలిపోయి ఉంది.

"ఎవరు పోయారే కోడలా?" అంది.

తిరపతమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఈ మాట పడుతుందని ఆమెకు తెలుసు. పసుపు లేకుండా పప్పు దించేది చావింట్లోనే. పుట్టింట్లో అమ్మ చెప్పింది, మెట్టినింట్లో ఈ అత్తే చెప్పింది. అందుకే ఆమె జాగ్రత్తలో ఆమె ఉంది. పప్పులో వెయ్యని పసుపును పొయ్యికి రాసింది. కుండ మెడకు రాసింది. గరిటె కాడకు కూడా ఓ బొట్టు పెట్టింది. పైనుంచి చూసేవాడు కుండ మూత తీసి చూడడులే అని ఓ మొండి ధైర్యం.

కూతురు మాణిక్యం పన్ను కోసమని, డాక్టరుగారు పసుపు తగలనివ్వద్దన్నారని నెమ్మదిగా చెప్పింది. దాని పన్ను కోసమైతే దానికొక్కదానికే వేరే వండమంది అచ్చమ్మ. నిన్నటిదాకా అలాగే వండింది తిరపతమ్మ. కానీ ఒకటే గరిటె, ఒకటే చెయ్యి, ఎక్కడో ఓ చుక్క అంటకుండా ఉంటుందా? రాత్రంతా అదే ఆలోచించి, పొద్దున పసుపు డబ్బా తీసి అటక మీద పెట్టేసింది.

"ఇంట్లో చెట్లెక్కే మగాడున్నాడే. వాడి కంచంలో ఈ తెల్ల కూడు పెడితే నీ చెయ్యి వణకలేదా?" అంది అచ్చమ్మ.

వణికింది. ఆ సంగతి తిరపతమ్మ ఎవరికీ చెప్పలేదు. మొగుడి కంచం దగ్గరికి వచ్చేసరికి గరిటె కంచం అంచుకు తగిలి ఠంగుమంది కూడా.

యలమంద తల ఎత్తలేదు. తల్లికీ పెళ్లానికీ మాట వచ్చినప్పుడు అతను ఎప్పుడూ తల దించుకునే తింటాడు. ఈ మధ్య ఆ తల ఇంకాస్త వంగింది. తోటలో ఆ రోజు దోటి పట్టుకున్నది అతనే. చిన్నరసం మామిడిచెట్టు మీద కొమ్మల సందున ఇరుక్కున్న దోటిని ఒక్క గుంజు గుంజితే, ఆ పొడుగాటి వెదురుగడ జారి, కింద పట్టా పరుచుకుని కాయలు పడుతున్న కూతురి నోటికి తగిలింది. ముందు పన్ను సగానికి విరిగింది. అప్పటినుంచి యలమంద ఆ పిల్ల మొహంలోకి సూటిగా చూసింది లేదు.

నూజివీడులో పళ్ల డాక్టరు సలోమోనుగారు మిగిలిన పంటి ముక్కను అరగదీసి, దాని మీద ప్లాస్టిక్ తొడుగు తొడిగారు. గాజులవాడు చేతికి తగిన రంగు వెతికినట్టు చిన్న చిన్న నమూనా పళ్లు మాణిక్యం నోటి దగ్గర పెట్టి చూసి, పక్క పన్నుకు సరిపోయేది ఎంచారు. అసలు తొడుగు విజయవాడలో తయారై రావాలని, అందాకా ఇది తాత్కాలికమని, పసుపూ ఆవకాయ నూనే టీ పడితే ఇది రంగు పీలుస్తుందని చెప్పారు. ఇంకా ఏదో చెప్పారు. కానీ రంగు మారుతుంది అన్న మాట చెవిన పడ్డాక మిగతాదంతా తిరపతమ్మ గుండె చప్పుడులో కలిసిపోయింది.

ఎందుకంటే శుక్రవారం సమితిలో ఆడవాళ్ల, పిల్లల పనులు చూసే ముఖ్యసేవిక వస్తోంది. ఊళ్లో కొత్తగా బాలవాడి పెడుతున్నారు. పిల్లల్ని ఆడించి పాడించే అమ్మాయి కావాలి. పదో తరగతి పాసైన ఆడపిల్లలు ఊళ్లో ముగ్గురే ముగ్గురు. ముగ్గుర్నీ పిల్లల ముందు నిలబెట్టి, కథ చెప్పించి, ఒకర్ని తీసుకుంటారట. మాణిక్యానికి అది వస్తే తోటకు వెళ్లక్కర్లేదు. రాకపోతే మళ్లీ ఆ దోటి కిందికే. ఈసారి పన్ను పోయింది. ఇంకోసారి కన్ను పోతే? కనురెప్ప చీలి, గుడ్డు బయటికొచ్చి, ఆసుపత్రి బల్ల మీద కూతురు పడుకుని ఉన్నట్టు తిరపతమ్మకు అన్నీ వరసగా కనపడతాయి. జరగనివి చూడటంలో ఆమె కళ్లు మహా చురుకు.

పచ్చపన్ను పిల్లని పిల్లల ముందు ఎవరు నిలబెడతారు? పొగాకు నములుతుందేమో అనుకోరూ?

తెల్లవారగానే ఆమె మొదటి మాట, "ఏమే, నోరు తెరువు."

మాణిక్యం జడ సగం విప్పుకునే వచ్చి వాకిట్లో వెలుతురుకు ఎదురుగా కూర్చునేది. తిరపతమ్మ కూతురి గడ్డం పట్టుకుని మొహాన్ని ఇటూ అటూ తిప్పేది. కచ్చిక పొడి నలుపు, బొగ్గు నలుపు, వేపపుల్ల పసరు ఆకుపచ్చ. ఇవేవీ పనికిరావని ఆమె ముందే తీర్మానించుకుంది. ఇంట్లో నిఖార్సుగా తెల్లగా ఉన్నది ఒక్కటే, ముగ్గుపిండి. రాయి దంచిన పొడి, మంచి తెలుపు. దాన్ని చిటికెడు తీసుకుని, కొబ్బరి పీచు తడిపి, అద్ది, ఆ ఒక్క పన్నునూ తోమేది. ఇత్తడి చెంబును తోమినట్టే, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. నోట్లో కరకరమని చప్పుడు. మాణిక్యం కళ్లు గట్టిగా మూసుకుని, గొంతులోకి పిండి పోకుండా ఊపిరి బిగపట్టేది.

"నెప్పా?"

"నెప్పి ప్లాస్టిక్కుకేం ఉంటదమ్మా. చిగురు మీద పడకుండా చూడు."

తోమినప్పుడల్లా పన్ను తెల్లబడినట్టే కనిపించేది. పుక్కిలించి ఊశాక, ఆరాక, ఏదో మసక. ఆ మసకను చూసి తిరపతమ్మ సాయంత్రం మళ్లీ తోమేది.

ఆ వారమంతా తోటలో కాయ కోత జోరుగా ఉంది. కోసిన కాయల తొడిమలు తుంచి, సొన కారిపోయేలా బోర్లించి, ఆరాక గడ్డి పరిచిన గంపల్లో వరసలు పెట్టాలి. తిరపతమ్మ ఈ వైపు, మాణిక్యం ఆ వైపు. టీ కెటిల్ వచ్చినప్పుడు తిరపతమ్మ లేచి కూతురి గ్లాసు తనే తీసుకుని తాగేసేది. పక్క గంప దగ్గరి ఇన్నమ్మ నవ్వేది. అదేం పన్ను వదినా, పాలు తాగించి పెంచుతున్నావా అనేది. మాణిక్యం కూడా నవ్వబోయేది. నవ్వు సగం పెదవి మీదికి రాగానే తల్లి చూపు ఆ పన్ను మీద వాలేది. పిల్ల చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం వెళ్లేది, సొన అంటిన చెయ్యి.

సొన పడితే పుండవుతుందే అని తిరపతమ్మ కసిరేది. చెయ్యి కిందికి దిగేది. నవ్వు మాత్రం తిరిగి వచ్చేది కాదు.

బుధవారం పొద్దున తిరపతమ్మ కూతురి నోట్లోకి చూసి, ముగ్గుపిండి గిన్నె కింద పెట్టేసింది.

పన్ను పచ్చగా ఉంది. అనుమానం కాదు, ఎండలో చూసినా పచ్చే. చిగురు దగ్గర ముదురుగా, కొసన కాస్త లేతగా, ముగ్గబోతున్న కాయ రంగులో ఉంది. పక్కనున్న సొంత పళ్లన్నీ తెల్లగా ఉంటే ఇదొక్కటీ కాపలా కుక్కలా ముందుకొచ్చి నిలబడింది.

పసుపు తగల్లేదు. టీ చుక్క పడలేదు. అయినా పచ్చబడిందంటే అది బయటి రంగు కాదు, లోపల్నించి వచ్చిన రంగే అనుకుంది తిరపతమ్మ.  కూతురి కింది రెప్ప లాగి కనుగుడ్డు చూసింది. గోళ్లు నొక్కి చూసింది. అరచేతులు తిప్పి చూసింది. మొన్న అన్నం తక్కువ తిన్నావెందుకే అని అడిగింది. నీరసంగా ఉందా, వికారంగా ఉందా అని అడిగింది.

"పచ్చకామెర్లు పంటికొక్కదానికే వస్తాయంటమ్మా?" అంది మాణిక్యం.

తిరపతమ్మకు నవ్వు రాలేదు. పసరు పోసే ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో, పోయిన ఏడు ఎవరి కొడుకు కామెర్లతో ఎన్నాళ్లు మంచాన పడ్డాడో తలుచుకుంటూ, కాళ్లు ముడుచుకుని అరుగు మీద కూలబడింది. తెల్ల పప్పు పెట్టిన పాపం ఇలా తగిలిందేమో. మొగుడికి తగులుతుందనుకుంటే కూతురికి తగిలింది.

అప్పటిదాకా వక్క కొరుక్కుంటూ మంచం మీద కూర్చున్న అచ్చమ్మ గొంతు సవరించుకుంది. కామెర్లూ లేవు, గీమెర్లూ లేవు, పిల్లకు ఆవకాయ పెట్టింది తానేనంది. ఆదివారం కొత్తావకాయ కలిపారు. జాడీకి ఎత్తాక బేసిన్ అంచుల్లో కారం, నూనె మిగులుతాయి. అందులో వేడన్నం వేసి కలిపి ఇంట్లో పిల్లలకు తలో ముద్ద పెట్టాలి. తిరపతమ్మ చెంబులు కడగటానికి బావి దగ్గరికి వెళ్లినప్పుడు అచ్చమ్మ ఆ ముద్ద పెట్టేసింది.

"ఏడాదికొక్కసారి కలిపే ఆవకాయ. బేసిన్ ముద్ద పెట్టకుండా పిల్ల నోరు కట్టేస్తే ఆ జాడీ నిలవుంటదా?" అంది.

తిరపతమ్మకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కామెర్లు కానందుకు. వెంటనే కోపం వచ్చింది. పప్పులో పసుపు మానేసి, కన్నకూతురి టీ తనే తాగేసి ఇంత యాతన పడితే, ముసలమ్మ ఒక్క ముద్దతో అంతా మట్టిపాలు చేసింది. ఆమె ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఇప్పుడూ చెప్పలేదు. చీర మార్చుకుని, పిల్లని తీసుకుని విస్సన్నపేట నుంచి వచ్చే బస్సు ఆపి, నూజివీడు వెళ్లింది. దారి పొడుగునా అత్త మాట నోట్లో పెట్టుకుని నములుతూనే ఉంది. డాక్టరుగారి ముందు చెప్పాలి, ఇదిగో ఇలా ఒక్క ముద్ద పెట్టారండీ, ఇలా అయిందండీ అని.

డాక్టరుగారి దగ్గర ఆరోగ్యం అనే నర్సు మాణిక్యాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడకు గుడ్డ కట్టింది. తిరపతమ్మ గోడకు అంటుకుని నిలబడి, ఆవకాయ సంగతి అడక్కుండానే చెప్పేసింది.

సలోమోనుగారు దీపం కిందికి దించి, సన్నటి ఇనప పుల్లతో పన్ను మీద గీసి చూశారు. పుల్ల జారలేదు, గరగరమంది.

"ముద్దతో ఇంత రంగు ఎక్కదమ్మా. నున్నగా ఉన్నంతకాలం రంగు పైనే ఉంటుంది, తోముకుంటే పోతుంది. ఇది చూడండి. నేను అద్దంలా పెట్టి పంపించాను. ఇప్పుడు చెక్కిన రోలులా ఉంది. సన్నటి గీతలు, గుంటలు. వాటిల్లోకి రంగు దిగి కూర్చుంది. మెత్తటి బ్రష్షు అని చెప్పాను గదా. దేంతో తోమారు?"

 తిరపతమ్మ కళ్ల ముందు కొబ్బరి పీచు, తెల్లటి పిండి, తన బొటనవేలు కనబడ్డాయి. 

"ముగ్గుపిండితోనండీ. నేనే తోమాను. తెల్లగా ఉంటదని," అంది మాణిక్యం, నోరు తెరిచిన గొంతుతోనే.

ఆరోగ్యం పకపకా నవ్వింది. ముగ్గు వాకిట్లో వేస్తారు గానీ పంటి మీద వేస్తారా అంది. డాక్టరుగారు కూడా నవ్వి, పిల్లని మందలించి, మరతో ఆ పన్నును నునుపు చేయటం మొదలుపెట్టారు. మర గుయ్యిమంటుంటే తిరపతమ్మ గోడ వైపు తిరిగి కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. చెప్పాలనే అనుకుంది. ప్రతిసారీ మర ఆగగానే చెబుదామనుకుంది. మర ఆగినప్పుడు డాక్టరుగారు మాట్లాడారు.

పోయినంత రంగు పోయిందని, లోపలికి దిగింది దిగిందేనని, ఇంకా గీస్తే తొడుగు పలచబడి చిట్లుతుందని చెప్పారు. అసలు తొడుగు వచ్చేదాకా ఈ కాస్త పచ్చదనంతో సర్దుకోవాలి. శుక్రవారానికి వస్తుందా అని తిరపతమ్మ అడిగితే, ఆయన రాదన్నట్టు తల ఊపారు.

బస్టాండులో బల్ల మీద కూర్చున్నాక చాలాసేపటికి అంది తిరపతమ్మ. "నా మీద చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు రేపటిదాకా అన్నం తినవు."

"శుక్రవారం ఎట్లానే మరి?"

మాణిక్యం చెప్పు కొసతో నేల మీద ఓ గీత గీసింది. "పన్ను సంగతి నాకసలు గుర్తుండదమ్మా. నువ్వు చూసినప్పుడే గుర్తొస్తది."

తిరపతమ్మ లేచి కొంగు సర్దుకుంది. బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్కన కూతురు కూర్చుంటే, ఆమె ఊరు వచ్చేదాకా ముందు సీటు కడ్డీని చూస్తూ కూర్చుంది. అయినా రెండుసార్లు చూపు జారింది. రెండుసార్లూ పిల్ల పెదాలు దగ్గరికి మూసుకోవటం చూసింది.

శుక్రవారం బడి వరండాలో పిల్లలు గుంపుగా చేరారు. ముఖ్యసేవిక నూజివీడు సమితి ఆఫీసు నుంచి జీపులో వచ్చింది. పొట్టి మనిషి, కళ్లజోడు. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద సంచి పెట్టుకుంది. మాణిక్యం ఇంట్లోంచి బయల్దేరే ముందు, నువ్వు రావద్దమ్మా అని మెల్లగా చెప్పింది. రానులే అంది తిరపతమ్మ. కానీ ఎండగా ఉంది, పిల్లకు దాహమేస్తే? నోరు ఎండిపోయి, కళ్లు తిరిగి అందరి ముందూ పడిపోతే? చెంబుతో మజ్జిగ తీసుకుని, బడి వెనక కిటికీ దగ్గరికి చేరింది.

మొదట ఒకమ్మాయి పాట పాడింది. రెండో అమ్మాయి కథ చెప్పింది. ముగ్గురిలో ఆఖరున మాణిక్యం లేచింది.

కోతీ, మామిడికాయా కథ. ఇంట్లో పక్కింటి పిల్లలకు చెబుతున్నప్పుడు చెట్టెక్కి, దూకి, బుగ్గలు ఉబ్బించి చెప్పే కథ. ఇప్పుడు కుడిచెయ్యి నోటి మీద ఉంది. మాటలు వేళ్ల సందుల్లోంచి నలిగి వస్తున్నాయి. వెనక వరస పిల్లలు ఒకళ్లనొకళ్లు గిల్లుకోవడం మొదలుపెట్టారు. ఒకడు లేచి జీపు చూడటానికి గుమ్మం వైపు పాకాడు. ముఖ్యసేవిక వాచీ చూసుకుంది.

చెయ్యి తియ్యవే, తియ్యవే అని తిరపతమ్మ పెదవులు కిటికీ ఊచల మధ్య కదిలాయి. మాణిక్యం కళ్లెత్తి కిటికీ వైపు చూసింది. ఓ క్షణం చెయ్యి దిగింది. తల్లి కళ్లు కనపడ్డాయి. మళ్లీ చెయ్యి లేచింది.

తిరపతమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టింది. ఆమె ఊచలు వదిలింది. వెనక్కి తిరిగి, కిటికీకి వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. రోడ్డు మీద కాయల గంపలతో ఎడ్లబండి పోతోంది. దాన్నే చూసింది. బండి మలుపు తిరిగాక మలుపునే చూసింది. మెడ నరాలు లాగుతున్నాయి. తిరగలేదు.

 వెనక కోతి కూత వినపడింది. అది మాణిక్యం గొంతే. ధబ్బున దూకిన చప్పుడు. పిల్లలు కిలకిలమన్నారు. కోతి కాయ కొరికింది, సొన మూతికంటింది, మూతి మండింది. బుగ్గలు ఉబ్బించి ఊదుతోందన్నమాట, ఫూ ఫూ మని. అలా ఊదాలంటే చెయ్యి అడ్డం ఉండకూడదు.

అంతలో ఒక పిల్ల గొంతు నిలువునా లేచింది. "అక్కా, నీ పన్ను ఒకటి పచ్చగా ఉందేంటి?"

తిరపతమ్మ గుండె జారి మజ్జిగ చెంబులో పడింది. అయిపోయింది అనుకుంది. ఇప్పుడు పిల్ల ఏడుస్తుంది. లేచి పారిపోతుంది. బావి వైపు పారిపోతే? ఆమె మడమలు తిరగబోయాయి. కిటికీ గోడను వెనక చేతుల్తో గట్టిగా పట్టుకుంది.

"ఇదా?" అంది మాణిక్యం. "దీనికి ఆవకాయంటే చచ్చేంత ఇష్టం. మిగతా పళ్లన్నీ తిని కడుక్కుంటాయి. ఇది మాత్రం కాస్త దాచుకుంటది."

 వరండా అంతా నవ్వు. నాది చూడు నాది చూడు అని పిల్లలు ఎగబడ్డారు. నాది ఊడిపోయింది అని ఒకడు, నాది ఊగుతోంది అని ఇంకొకతె, నాది పుచ్చిపోయింది అని మరొకడు గర్వంగా అరుస్తున్నారు. ఆ గోలలో ముఖ్యసేవిక గొంతు కూడా నవ్వుతూ వినిపించింది. జూన్ నుంచి మొదలు, పొద్దున్నే రాగలవా అమ్మాయ్ అని అడిగింది.

వస్తానండీ అన్న జవాబు తిరపతమ్మ విన్నది. చెంబు ఎత్తి, కూతురి కోసం తెచ్చిన మజ్జిగ తనే గటగటా తాగేసింది. కూతురి మొహం ఎలా ఉందో ఆమె చూడలేదు.

రాత్రి వంటకు అటక మీది పసుపు డబ్బా దించింది. మామూలుగా వేసేదానికన్నా కాస్త ఎక్కువే పడింది. ముగ్గుపిండి గిన్నె పళ్లు తోముకునే గూట్లోంచి తీసి వాకిట్లో గట్టు మీద పెట్టింది. కంచాల్లో పప్పు పడింది. దీపం వెలుతుర్లో బంగారంలా ఉంది.

అచ్చమ్మ కంచంలోకి చూసింది, కోడలి మొహంలోకి చూసింది.

"ఇవాళెవరు పుట్టారే కోడలా?"

యలమంద తల ఎత్తాడు. కూతురు నవ్వుతోంది. అతను చూస్తూ ఉండిపోయాడు.

బడి కప్పు మీద పెంకులు పాతవి, వానాకాలం తేళ్లు రాలతాయేమోనని అప్పుడే తిరపతమ్మకు తట్టింది. ఆ మాట లోపలే దాచుకుని, కూతురి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, పక్కన ఆవకాయ ముక్క పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగింది.